ఐదో పాఠం

తెల్లవారుజామున నాలుగింటికి
విన్నిపెగ్‌లో మేలుకుని ఉండేవి మూడే:
మంచు తోసే బండ్లు, రొట్టెల బట్టీ, నేను.

బయట మైనస్ ముప్ఫై ఒకటి.
కారు ముక్కుకి కరెంటు తీగ తగిలించి ఉంది.
ఇక్కడి చలికాలం అంతే,
రాత్రంతా ఇంత వెచ్చదనం అందకపోతే
పొద్దునకి ఇంజన్లో నూనె గడ్డకట్టుకుపోతుంది.
లోపల నా ఒళ్ళో లాప్‌టాప్,
దాని తీగా గోడలోకే.

"స్వాగతం, ఒరెస్ట్" అంటుంది తెర.
ఇరవై రెండేళ్ళు బస్సు నడిపాను.
ఎక్కినవాళ్ళందరికీ ఆ మాట చెప్పింది నేను.

మొదటి పాఠంలో ఒక నీలం గుండ్రం.
అది ఉబ్బితే ఊపిరి తీయాలి, ముడుచుకుంటే వదలాలి.
పక్కటెముకలు రెండు ఇంకా అతుక్కోలేదు,
గుండ్రానికి ఆ సంగతి తెలీదు.

రెండో పాఠం కళ్ళు మూసుకుని సముద్రపు ఒడ్డుకి వెళ్ళమంది.
నేను సముద్రం చూడలేదు.
గోధుమ చేల మధ్య పుట్టినవాణ్ణి,
అలల చప్పుడు వింటే
ఎవరో వెనకనించి కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నట్టుంది.
మిరెయ్ బోద్రీకి అదే రాశాను.
ప్రతి గురువారం జవాబిస్తుందావిడ, మొహం ఎరగను.
"అయితే సముద్రం మానేయండి.
మీకు నచ్చిన చప్పుడేదో చెప్పండి."
చాలాసేపు ఆలోచించి రాశాను:
ఖాళీ బస్సు డిపోకి తిరిగొచ్చేటప్పుడు
సీటు కింద హీటర్ పెట్టే గురక.

భయం ఎంత? సున్నా నుంచి వంద దాకా ఒక గీత,
దాని మీద జరిగే గుండీ.
తొంభై ఆరు దగ్గర పెట్టి
అక్క చూస్తుందేమోనని ఎనభైకి లాగాను.
యంత్రం దగ్గర కూడా పరువే!

ఐదో పాఠం: జరిగింది రాయండి.
నాలుగు రోజులు, నాలుగు సార్లు.

మొదటి రోజు పది మాటలు.
కుర్రాడు ఎక్కాడు. ఛార్జీ అడిగాను. స్క్రూడ్రైవర్ తీశాడు.
తర్వాత ఆసుపత్రి. ఇక గుర్తులేదు.

రెండో రోజు మూడో వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది.
తెర మసకబారి అడిగింది,
"మీరు ఇంకా ఉన్నారా?"
కాసేపు ఏమీ కదపకపోతే అందరినీ అలాగే అడుగుతుందట.
నాకేం తెలుసు.
"ఉన్నాను" అన్నాను, పైకే,
మా అమ్మ మాట్లాడే ఉక్రేనియన్‌లో.
వంటింట్లోంచి దారియా అక్క, "ఎవర్రా?" అంది.

మూడో రోజు అర పేజీ తిట్లు, నన్ను నేనే.
మూడు డాలర్ల చిల్లర. అడక్కుండా వదిలేస్తే పోయేది.
మిరెయ్ ఆ వాక్యం పక్కన ఒక్క ప్రశ్న పెట్టింది:
"ఆ రోజు అంతకుముందు ఎంతమందిని అడిగారు?"
లెక్కేశాను. రెండు వందల పైచిలుకు.
వాళ్ళలో ఒక్కరూ పొడవలేదు.

నాలుగో రోజు రాస్తూ ఉండగా
తల కింద మెత్తగా ఏదో తగిలింది.
నారింజ రంగు. తడి ఉన్ని వాసన, వెల్లుల్లి వాసన.
రోజూ వెనక సీట్లో కునికిపాట్లు పడుతూ
ఆసుపత్రి దగ్గర దిగే ఫిలిప్పీన్స్ ఆవిడ,
పేరు ఎప్పుడూ అడగలేదు,
తన మఫ్లర్ తీసి
బస్సు నేలకీ నా తలకీ మధ్య దూర్చింది.
"కళ్ళు మూయకు డ్రైవర్, మూయకు" అంటోంది.

నాలుగు నెలలుగా ఆ ఇనుమొక్కటే గుర్తుంది నాకు.
ఈ ఉన్ని ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ.

గుండీ జరిపాను. డెబ్బై ఒకటి.
ఈసారి అబద్ధం కాదు.
తలుపు కిర్రుమంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను.
ఆరో పాఠం బస్టాపు దాకా నడవమంటుందట,
ఎక్కక్కర్లేదట, నిలబడితే చాలట.
చూద్దాం.

ఆసుపత్రివాళ్ళు నా బట్టలు కట్టిచ్చిన ప్లాస్టిక్ సంచీ
వేసినచోటే ఉంది అలమరలో,
ముడి కూడా విప్పలేదు.
"అక్కా," అని పిలిచాను,
"అది ఇలా పట్రా."